వీణ షీల్డు, గేదె షీల్డు

విజయవాడలో గొప్పవాళ్ళ భుజాలు సుభానికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియవు. ఎవరి భుజం మీద శాలువా నిలుస్తుందో, ఎవరి భుజం మీంచి జారుతుందో, ఎవరు దండ పడగానే తీసేసి పక్కవాళ్ళ చేతిలో పెడతారో, ఎవరు ఫొటో అయ్యేదాకా ఊపిరి బిగపట్టుకుంటారో, అన్నీ ఆయనకి కంఠతా వచ్చు. మరి ముప్ఫై ఏళ్ళుగా వాళ్ళ వెనకాల పళ్ళెం పట్టుకుని నిలబడ్డ మనిషి కదా.

పటమటలో ఆయనకో కొట్టుంది. శాలువాలు, షీల్డులు, గంధపు దండలు, సన్మాన పత్రాలకి అద్దాల ఫ్రేములు అన్నీ దొరుకుతాయి. "సన్మానానికి కావాల్సినవన్నీ ఉంటాయమ్మా, సన్మానం చేయించుకునే మనిషిని మాత్రం మీరే తెచ్చుకోవాలి" అంటుంది ఆయన భార్య ఖాసింబీ. సరుకు అమ్మి ఊరుకుంటే సరిపోయేది. కానీ సభలో పళ్ళెం ఎవరు పట్టుకోవాలో, శాలువా మడత ఏ కొస లాగితే విచ్చుకుంటుందో నిర్వాహకులకి తెలియదు. అందుకని ప్రతివాళ్ళూ "సుభానీ, నువ్వు కూడా రావయ్యా" అనేవాళ్ళు. ఆయన వెళ్ళేవాడు. మర్నాడు పేపర్లో ఫొటో వచ్చేది. ఫొటోలో గొప్పాయన, ఆయన పక్కన కాస్త తక్కువ గొప్పాయన, వాళ్ళిద్దరి మధ్యలోంచి ఒక పళ్ళెం, దాని కింద ఒక మోచేయి. ఆ మోచేయి సుభానిది.

ఖాసింబీ అవన్నీ కత్తిరించి ఒక ఆల్బంలో అంటించింది. "ఇదిగో, మీ చెయ్యి మళ్ళీ పడింది పేపర్లో" అని టీ గ్లాసుతో పాటు చూపించేది.

సుభాని అసలు మొదలుపెట్టింది వన్‌టౌన్‌లో, ఒక స్టీలు సామాన్ల కొట్టు మెట్ల మీద. గిన్నెలు కొన్నవాళ్ళు వాటి మీద పేర్లు చెక్కించుకునేవాళ్ళు. జుయ్యిమని కూసే చిన్న మిషనుతో తండ్రి చెక్కుతుంటే పక్కన కూర్చుని నేర్చుకున్నాడు. 'ప్రేమతో మేనత్త', 'గృహప్రవేశ శుభాకాంక్షలతో', ఒకసారి ఒక బిందె మీద 'ఇది అరువు ఇవ్వబడదు'. తండ్రి ఆయనకి చెప్పింది ఒకటే మాట. "చెక్కింది చెరగదురా. చెక్కే ముందు మూడుసార్లు చదువు." సుభాని నాలుగుసార్లు చదివేవాడు. ఇన్నేళ్ళలో ఒక్క అక్షరం తప్పు పోలేదు. మరి తప్పెక్కడ జరిగిందంటే, చెక్కడంలో జరగలేదు, చుట్టడంలో జరిగింది.

మన సభల వాళ్ళకి ఒక అలవాటుంది. "షీల్డు మీద పేరు వెయ్యొద్దు సుభానీ" అంటారు. ఎందుకంటే ఆఖరి నిమిషం దాకా ఎవరొస్తారో, ఎవరికి జ్వరం వస్తుందో, ఎవరు అలుగుతారో తెలియదు. పేరు లేకపోతే ఎవరొస్తే వాళ్ళకి ఇచ్చెయ్యొచ్చు. అందుకని బిరుదు ఉంటుంది, బొమ్మ ఉంటుంది, పుచ్చుకునే మనిషి పేరు మాత్రం ఉండదు.

పంతొమ్మిదేళ్ళ క్రితం ఒక ఆదివారం రెండు సభలకి రెండు షీల్డులు ఆర్డరొచ్చాయి. పొద్దున కంకిపాడులో పశుపోషకుల సన్మానం. సాయంత్రం విజయవాడలో సంగీత సభ. ఒకదాని మీద గేదె బొమ్మ, కింద 'అత్యధిక పాల దిగుబడికి ప్రథమ బహుమతి'. రెండోదాని మీద వీణ బొమ్మ, కింద 'గానకళా శిఖరం'. రెండిటిదీ ఒకటే సైజు. రెండిటికీ ఒకటే మెరుపు కాగితం, ఒకటే ఎర్ర రిబ్బను. పొద్దున కంకిపాడు వాళ్ళు జీపులో వచ్చి "ఏదీ మాది?" అన్నారు. సుభాని ఎడమ వైపుది ఇచ్చాడు. ఇవ్వాల్సింది కుడి వైపుది.

సాయంత్రం సంగీత సభలో పద్మావతమ్మగారికి సన్మానం. ఆవిడ మంగళగిరిలో ఉంటారు. నలభై ఏళ్ళు పాడిన గొంతు. డెల్టాలో ఆవిడ కచేరీ అంటే బస్సు కట్టుకుని వెళ్ళేవాళ్ళు. సుభాని కూడా చాలా కచేరీలు విన్నాడు, అన్నీ వెనకనించే. సాయంత్రం ఆవిడకి షీల్డు కాగితంతోనే ఇచ్చారు, ఆవిడ కాగితంతోనే పుచ్చుకున్నారు, నవ్వి నమస్కారం పెట్టారు. పళ్ళెం పట్టుకున్న సుభాని కూడా లోపల్లోపల సంతోషించాడు.

నాలుగో రోజు పేపరు జిల్లా పేజీలో ఫొటో చూసి ఆయన టీ గ్లాసు కింద పెట్టేశాడు. కంకిపాడు పాడి రైతు బసవపున్నయ్య, పక్కన ఆయన గేదె. బసవపున్నయ్య చేతిలో షీల్డు. షీల్డు మీద వీణ.

మరి గేదె షీల్డు ఎక్కడున్నట్టు?

ఆ రోజే వెళ్ళి చెప్పేయాల్సింది. రెండుసార్లు మంగళగిరి బస్సెక్కాడు కూడా. రెండుసార్లూ వారధి దాకా వెళ్ళి, కింద పారే కృష్ణని చూసి, దిగి వెనక్కొచ్చేశాడు. సంగీతం పాడే మహాతల్లికి వెళ్ళి ఏమని చెప్తాడు? అత్యధిక పాల దిగుబడి మీది కాదండీ అనా? ఇంతలో ఒక సభ కార్యదర్శి కొట్టుకొచ్చి మాటల్లో అన్నాడు, "పద్మావతమ్మగారు కచేరీలు మానేశారటయ్యా. కారణం చెప్పరు. ఆ సన్మానం అయిన దగ్గర్నుంచీ అంతే."

ఆ మాట సుభాని గుండెల్లో చెక్కుకుపోయింది. చెక్కింది చెరగదని తండ్రి ఊరికే అనలేదు. తన షీల్డు వల్లే ఆవిడ నోరు మూసుకున్నారా? ఎవరో కావాలని ఎగతాళి చేశారనుకున్నారా? ఈ ఒక్క ప్రశ్న ఆయన పంతొమ్మిదేళ్ళు మోశాడు. భార్యకి చెప్పలేదు. అడగాల్సిన మనిషిని అడగలేదు. వేదికల మీద ఎంతమంది పక్కన నిలబడ్డాడో, ఆవిడ వీధిలోకి మాత్రం వెళ్ళలేదు.

ఇలా ఉండగా ఆయన కూతురు జుబియా ఒక వెబ్‌సైటు పెట్టింది.

జుబియా ఇంజనీరింగ్ చదివి, రెండేళ్ళు ఒక కంపెనీలో చేసి, మానేసి ఇంటికొచ్చింది. "మనం అభిమానించే మనుషులుంటారు గదా నాన్నా. శాస్త్రవేత్తలు, పాటగాళ్ళు, మంచి రైతులు, మేష్టర్లు. వాళ్ళని మామూలు మనుషులు నేరుగా ఏదైనా అడగాలంటే ఎట్లా? అందుకే ఇది. పేరు 'అడుగుదాం'. ప్రశ్న పాతిక మాటల్లోపు ఉండాలి. వాళ్ళు జవాబు రాస్తారు. అంతే."

"అంతేనా? మరి శాలువా?" అన్నాడు సుభాని.

"ఆన్‌లైన్ నాన్నా. శాలువా ఎక్కడ కప్పుతాం?"

జుబియా నలభైమంది గొప్పవాళ్ళకి ఈమెయిళ్ళు పెట్టింది. నెల్లాళ్ళు చూసింది. ఒక్కరు కూడా పలకలేదు. కూతురు మొహం చూడలేక సుభాని తన పాత డైరీ తీసి వాళ్ళలో కొందరికి ఫోన్ చేశాడు. "నమస్కారమండీ, సుభానినండీ. ఒక శాలువా ఉందండీ" అన్నాడు. అందరి దగ్గర్నుంచీ ఒకటే జవాబు: "ఎప్పుడు? ఎక్కడ?"

అట్లా పదకొండుమంది దొరికారు. పన్నెండో ఆవిడ విషయం వేరు. జుబియా తండ్రికి చెప్పకుండా పద్మావతమ్మగారికి ఉత్తరం రాసింది. ఆవిడ నించి కార్డు వచ్చింది. 'సభ వద్దు. శాలువా వద్దు. ప్రశ్నలుంటే పంపండి. మా శిష్యురాలికి ఫోనుంది.' ఆ కార్డు చూసిన రోజు సుభాని అన్నం సగంలో లేచాడు. ఎండ దెబ్బనుకుంది ఖాసింబీ.

ఆన్‌లైన్ సైటుకి ప్రారంభోత్సవ సభ ఏంటని జుబియా ఎంత మొత్తుకున్నా లాభం లేకపోయింది. సభ లేకపోతే గొప్పవాళ్ళు రారు, గొప్పవాళ్ళు రాకపోతే సైటు లేదు. పటమటలోనే ఒక కల్యాణ మండపం మాట్లాడారు. వ్యాఖ్యాతగా లక్ష్మీకాంత్‌ని పిలిచారు. ఈయన ఎవరి గురించైనా ఇరవై నిమిషాలు పొగడగలడు, ఆ మనిషెవరో తెలియకపోయినా సరే. వేదిక మధ్యలో బల్ల, బల్ల మీద లాప్‌టాప్, పక్కన దీపపు కుందె.

ముఖ్య అతిథి కంకిపాడు బసవపున్నయ్య. పాడి రైతుగా పిలవలేదు, గాయకుడిగా పిలిచారు.

ఆ కథా చెప్పుకోవాలి. ఆ ఆదివారం ఇంటికెళ్ళి కాగితం విప్పితే బసవపున్నయ్యకి వీణ కనపడింది, 'గానకళా శిఖరం' కనపడింది. ఇంకొకరైతే పొరపాటనుకునేవాళ్ళు. బసవపున్నయ్య అట్లా అనుకోలేదు. "కమిటీ వాళ్ళు చదువుకున్నోళ్ళు. ఊరికే ఇవ్వరు గదా. మొన్న పాలు కొలవడానికొచ్చినప్పుడు నేను పితుకుతూ కూనిరాగం తీస్తున్నాను. అది విన్నారన్నమాట" అన్నాడు భార్యతో. మర్నాటి నించి గొంతెత్తి పాడటం మొదలెట్టాడు. ముందు గేదెలకి, తరవాత భజనల్లో, తరవాత పెళ్ళిళ్ళలో. ఇవాళ మూడు మండలాల్లో బసవపున్నయ్య పాట లేకుండా ఒక శుభకార్యం జరగదు. కొందరు ఆపమని కూడా అడిగారు. "ఆపితే షీల్డుకి మర్యాద కాదు" అన్నాడు.

సభలో ముందు దీపం వెలిగించారు. తరవాత లాప్‌టాప్‌కి బొట్టు పెట్టారు. దండ వేశారు. అప్పుడు లక్ష్మీకాంత్ మైకులో, "ఇవాళ మన మధ్య ఆవిర్భవిస్తున్న వెబ్‌సైటు గారిని ముఖ్య అతిథి దుశ్శాలువాతో సత్కరించవలసిందిగా..." అన్నాడు. బసవపున్నయ్య వెనక్కి చెయ్యి చాపాడు. సుభాని అలవాటు కొద్దీ శాలువా అందించాడు. లాప్‌టాప్‌కి శాలువా నిండుగా కప్పారు. అందరూ చప్పట్లు.

తరవాత పదకొండుమందిలో తొమ్మిదిమంది మాట్లాడారు. ఒకాయన తన బాల్యం చెప్పాడు. ఇంకొకాయన మొదటాయన బాల్యం ఎట్లా జరిగిందో తనకి బాగా తెలుసని చెప్పాడు. శాలువా కింద లాప్‌టాప్ వేడెక్కింది. రొప్పింది. ఆరో ఉపన్యాసం మధ్యలో కుయ్యిమని ఆగిపోయింది. జుబియా పరుగెత్తుకొచ్చేలోగా లక్ష్మీకాంత్ మైకు అందుకున్నాడు. "సన్మాన భారంతో వెబ్‌సైటు గారు మౌనం వహించారు. గొప్పవారి లక్షణం!"

బసవపున్నయ్య పాడాడు. చివర్లో ప్రశ్నలు అడిగే సమయం రెండు నిమిషాలు మిగిలింది. వెనక వరసలో ఒక ఆడపిల్ల చెయ్యెత్తింది కూడా.

"ప్రశ్నలు ఇంటికెళ్ళి ఆన్‌లైన్‌లో అడగండమ్మా, సైటు పెట్టింది అందుకే గదా. సాంబారు చల్లారిపోతోంది" అన్నాడు లక్ష్మీకాంత్.

వారం తిరిగేసరికి ఆరువందల నలభై ప్రశ్నలొచ్చాయి. జుబియా కుర్చీలోంచి ఎగిరి గంతేసింది. చదివాక మళ్ళీ కూర్చుంది. అందులో దాదాపు ఆరువందలు 'భోంచేశారా అండీ?'

"ఇదేం ప్రశ్న!" అంది.

"మరి ముందు అదే గదా అడగాలి" అంది ఖాసింబీ. "పెద్దాయన తిన్నాడో లేదో తెలీకుండా నీ గోలేందో అడిగేస్తావా?"

గొప్పవాళ్ళకి మాత్రం ఈ ప్రశ్న బాగా నచ్చింది. బసవపున్నయ్య ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబిచ్చాడు. 'ఆ, అయిందండీ. బీరకాయ, రోటి పచ్చడి, గట్టి పెరుగు. మీరు?' అవతలివాళ్ళు తమ కూర చెప్పేవాళ్ళు. మాట మీద మాటగా అది పాలకూర పప్పులో ఎప్పుడు చింతపండు వెయ్యాలనే దాకా పోయేది. జుబియా 'భోంచేశారా' అనే మాట పెడితే సైటు తీసుకోకుండా చేసింది. గంటలో 'టిఫినైందా అండీ?' మొదలైంది.

చివర ప్రశ్నార్థకం ఉంటేనే సైటు తీసుకుంటుంది. ఆ నిబంధన ఇంకో గొడవ తెచ్చింది. జనం పొగడ్త రాసి చివర ప్రశ్నార్థకం తగిలించారు. 'సార్, మీరు చాలా గొప్పవారు?' అది చూసి ఒక రిటైర్డు మేష్టారు ఫోన్ చేసి, "నా మీద సందేహం వెలిబుచ్చిన వాళ్ళెవరు? అడ్రసు కావాలి" అన్నారు.

ఒక సాయంత్రం జుబియా లాప్‌టాప్ మూసేసి గోడకి జారగిలబడింది. "ఈ కృష్ణా జిల్లాలో ఒక్కళ్ళకైనా నిజంగా తెలుసుకోవాల్సింది లేదా నాన్నా? లోపల ఏళ్ళ తరబడి ఉండిపోయిన ప్రశ్న? ఒక్కటి. ఒక్కటొచ్చినా చాలు, ఈ సైటు పెట్టినందుకు."

సుభాని శాలువాలు మడత పెడుతున్నాడు. మడిచిందే మళ్ళీ మడిచాడు.

ఆ మర్నాడు ఎవరో బసవపున్నయ్యని అడిగారు, 'మీకు సంగీతం నేర్పిన గురువెవరు?' అని. బసవపున్నయ్య రాశాడు: 'గురువు లేడండీ. షీల్డు ఇచ్చారు, ఆ తరవాత నేర్చుకున్నాను. కమిటీ చేత అది నాకు ఇప్పించిన మహానుభావులెవరో తెలిస్తే కాళ్ళకి దణ్ణం పెట్టుకుందునండీ.'

కొట్లో కూర్చుని అది చదివిన మహానుభావుడికి చెమటలు పట్టాయి.

నాలుగు రోజులు ఆర్డరు పుస్తకం వెనక రాశాడు, కొట్టేశాడు. రాసిందాన్ని నాలుగేసి సార్లు చదివాడు. ఐదో రోజు మధ్యాహ్నం, కొట్లో ఎవరూ లేనప్పుడు, ఫోనులో ఒక్కో అక్షరం నొక్కి పంపించాడు:

'అమ్మా, పంతొమ్మిదేళ్ళ క్రితం విజయవాడ సన్మానం తరవాత మీరు కచేరీలు మానేశారట. ఆ షీల్డు వల్లేనా? ఎవరో అవమానించారని బాధపడ్డారా?'

అడిగేవారి పేరు అని ఒక గడి ఉంది. అందులో ఏం రాయాలో తోచలేదు. చివరికి 'మోచేయి' అని రాశాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర జుబియాకి కాలు నిలవలేదు. "వచ్చింది నాన్నా! నిజమైన ప్రశ్న! పద్మావతమ్మగారికి! ఎవరో మోచేయి గారట. ఏం పేరో ఏమో, కలం పేరయ్యుంటుంది."

ఖాసింబీ గరిటె కింద పెట్టింది. భర్త వైపు చూసింది. లేచి లోపలికెళ్ళి ఆల్బం తెచ్చి కంచాల మధ్య తెరిచింది. "ఏ మోచెయ్యమ్మా? ఇదిగో, దీని నిండా ఉందది."

ఇంక దాచడానికేముంది? సుభాని చెప్పాడు. కుడి, ఎడమ, గేదె, వీణ, వారధి, అన్నీ. చెప్తున్నంతసేపూ అన్నం కలుపుతూనే ఉన్నాడు. ముద్ద నోట్లో పెట్టలేదు.

జుబియా నవ్వాపుకోవడానికి చున్నీ నోట్లో కుక్కుకుంది. ఖాసింబీ మాత్రం నవ్వలేదు. "పంతొమ్మిదేళ్ళా?" అంది. "నాతో చెప్తే సగం మోసేదాన్ని గదండీ."

రెండు రోజులకి జవాబొచ్చింది. పాతిక మాటలు కూడా పట్టలేదు. 'ఆ ప్రశ్న అడిగిన చెయ్యి ఎవరిదో, ఆ మనిషి ఇంటికొచ్చి అడిగితే చెప్తాను. ఒట్టి చేతులతో రావాలి.'

సుభానికి ఈ ఒట్టి చేతులే కష్టమయ్యాయి. గొప్పవాళ్ళ దగ్గరికి ఏమీ పట్టుకోకుండా వెళ్ళడం జీవితంలో ఎరగడు. బయల్దేరేముందు సంచిలో ఒక శాలువా మడిచి పెట్టుకున్నాడు. ఖాసింబీ గుమ్మంలో ఆపి సంచి తీసుకుని, శాలువా తీసేసి, సంచి కూడా లోపల పడేసింది. బస్సులో జుబియా ఆయన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టి తను అడ్డంగా కూర్చుంది. వారధి వచ్చింది. సుభాని సీట్లోంచి కొంచెం లేచాడు.

"కూర్చోండి నాన్నా."

కూర్చున్నాడు. వారధి వెళ్ళిపోయింది.

మంగళగిరిలో, మగ్గాల చప్పుడు వినపడే సందులో ఆవిడ ఇల్లు. పద్మావతమ్మగారు వసారాలో చాప మీద కూర్చుని ఇద్దరు ఆడపిల్లలకి సరళీ స్వరాలు చెప్తున్నారు. ఎనభై దాటిన మనిషి, సన్నగా, నిటారుగా ఉన్నారు. పిల్లల్ని పంపించేసి, గుమ్మంలో నిలబడ్డ సుభానిని ఎగాదిగా చూశారు.

"నువ్వా నాయనా! ముఖం ఇదే చూడటం. చెయ్యి బాగా తెలుసు."

ఆవిడ కుడివైపు గోడ గూట్లో, తంబూరా పక్కన, తుడిచి పెట్టిన షీల్డు ఉంది. షీల్డు మీద గేదె.

"అమ్మా, అది నాదే తప్పమ్మా. కుడిదివ్వబోయి ఎడమదిచ్చాను. ఎవరూ కావాలని చెయ్యలేదు. మిమ్మల్ని అవమానించాలని..." గబగబా అనేశాడు.

"అవమానమా?" అన్నారావిడ. "ఆ రోజు ఎంతసేపు మాట్లాడారో గుర్తుందా నీకు? మూడు గంటలు. నా చేత పాడించింది పన్నెండు నిమిషాలు. సరస్వతి అన్నారు, గంగ అన్నారు, హిమాలయం అన్నారు. అలిసిపోయి ఇంటికొచ్చి కాగితం విప్పాను. అత్యధిక పాల దిగుబడి."

ఆవిడ పెదవి అదిరింది. ఏడుస్తారేమోనని సుభాని ఒకడుగు ముందుకి వేశాడు. ఆవిడ నవ్వుతున్నారు.

"మూడు రోజులు నవ్వాను నాయనా. నాలుగో రోజు తెనాలి దగ్గర కచేరీ. ఆలాపన ఎత్తుకున్నాను. ముందు వరసలో ఒకాయన కళ్ళు మూసుకుని తలూపుతున్నాడు, ఆహా ఆహా అంటూ. నాకు గేదె గుర్తొచ్చింది. ఫక్కున నవ్వేశాను. సభంతా నిర్ఘాంతపోయింది. దగ్గని చెప్పి లేచొచ్చేశాను. ఇంకో ఊళ్ళో కూడా అంతే. 'విదుషీమణి' అనగానే గేదె. శాలువా చూడగానే గేదె. ఇంక ఎట్లా పాడను? అందుకని మానేశాను."

"అంటే... షీల్డు వల్లేనన్నమాట" అన్నాడు సుభాని నీరసంగా.

"షీల్డు వల్లే. నీ వల్లే." ఆవిడ ఆ మాట మెత్తగానే అన్నారు గానీ దాచలేదు. "అట్లాగని బాధపడ్డానా అంటే, లేదు. పాట లేదని అప్పుడప్పుడు అనిపిస్తుంది. ఆ ఉపన్యాసాలు లేవని ఒక్కనాడూ అనిపించలేదు."

సుభాని తల వంచుకున్నాడు. భయపడ్డది నిజమే అయింది. అయినా ఆయన అనుకున్నట్టు లేదది. బరువు దిగిందో, ఇంకోలా సర్దుకుందో ఆయనకే తెలియలేదు. "సరైన షీల్డు చేసి తెస్తానమ్మా. ఈసారి పేరు చెక్కి" అన్నాడు.

"వద్దు. అది కదిపావంటే ఊరుకోను. నలభై ఏళ్ళలో నాకొచ్చిన బిరుదుల్లో కొలిచి ఇచ్చింది అదొక్కటే." ఆవిడ ముందుకి వంగారు. "ఇంతకీ నాది ఎవరికి పోయింది?"

జుబియా చెప్పింది. బసవపున్నయ్య సంగతి, పెళ్ళిళ్ళు, మూడు మండలాలు, అన్నీ. ఫోనులో ఆయన పాట వినిపించింది. పద్మావతమ్మగారు కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నారు. సుభాని, జుబియా ఆవిడ ముఖమే చూస్తున్నారు.

"శ్రుతి లేదు" అన్నారు. కొంచెం ఆగి, "ధైర్యం ఉంది. ఆయన్ని నేనొకటి అడగొచ్చా మీ సైటులో?"

జుబియా ఫోను చేత్తో పట్టుకుని ఆవిడ చెప్పింది చెప్పినట్టు కొట్టింది. 'బసవపున్నయ్య గారికి నమస్కారం. మీరు పాడటం మొదలుపెట్టాక గేదెల పాలు పెరిగాయా, తగ్గాయా?'

కాఫీ వచ్చేలోగా జవాబొచ్చింది. జుబియా పైకి చదివింది. 'పూటకి రెండు లీటర్లు తగ్గాయండమ్మా. మా ఆవిడ ఆపమంటుంది. కానీ షీల్డు ఇచ్చాక ఎట్లా మానేదండీ? పెద్దలు నమ్మి ఇచ్చారు గదా. అన్నట్టు మీరు భోంచేశారా?'

పద్మావతమ్మగారు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వారు. తరవాత గూటి వైపు చూశారు, తంబూరా వైపు.

"అది ఇట్లా ఇవ్వమ్మా."

జుబియా తంబూరా అందించింది. సుభాని లేచి, అలవాటు కొద్దీ ఆవిడ వెనక్కి వెళ్ళి గోడవార నిలబడ్డాడు. రెండు చేతులూ ముందుకొచ్చాయి, పళ్ళెం లేకపోయినా పళ్ళెం పట్టుకున్నట్టే.

"అక్కడెందుకు నిలబడ్డావు? ముందుకొచ్చి కూర్చో" అన్నారావిడ, తలతిప్పకుండానే.

వచ్చి చాప చివర కూర్చున్నాడు. ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. ఆవిడ శ్రుతి సరిచూసుకుని ఎత్తుకున్నారు. గూట్లో గేదె కనపడింది, నవ్వొచ్చి ఆగిపోయారు. మళ్ళీ ఎత్తుకున్నారు, మళ్ళీ ఆగారు. మూడోసారి జుబియా కూడా నవ్వింది. సుభాని మాత్రం కదల్లేదు.

నాలుగోసారి పల్లవి దాటింది.